పాపయ్య విమానానికి సొన్నమ్మ వెంట్రుకలు

ఆ ఆదివారం పొద్దున పాపయ్య చేయాలనుకున్నది చిన్న పని. విమానానికి తీగలు కట్టాలి. మధ్యాహ్నం లోపల ఒక పక్క రెక్కలకు కట్టేస్తే మిగతాది వచ్చే వారానికి పెట్టుకోవచ్చు.

విమానమంటే జానెడు బొమ్మ. మొదటి ప్రపంచ యుద్ధం నాటి, ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలుండే విమానానికి నమూనా. అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల కుప్పలో దొరికిన పత్రికలోని కొలతలు చూసి, వెదురు పుల్లలతో, గాలిపటం కాగితంతో పాపయ్య దాన్ని కడుతున్నాడు. ఇట్లాంటివి కట్టడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. అతనికి నలభై రెండేళ్లు, సర్కారు గుమాస్తా. అందుకని తలుపు గడియ వేసుకుని కట్టేవాడు. ఎవరైనా వస్తే భార్య భాగీరథమ్మ, "ఆఫీసు కాగితాలు చూస్తుండారు" అని వాకిట్లోంచే పంపేసేది. ఆమెకూ సిగ్గే.

పై రెక్కకూ కింది రెక్కకూ మధ్య సన్నని తీగలుంటాయి. కుట్టుదారం కడితే నూగు లేచి మోకులాగా కనిపించింది. పట్టుదారం రెండు రోజులకే వేలాడిపోయింది. వెంట్రుక అయితే సరిగ్గా సరిపోతుందని పాపయ్యకు తోచింది. తన తల మీద కట్టదగినవి లేవు. భాగీరథమ్మవి ఉంగరాలు. ఒకే పెరడున్న ఆరు అద్దె ఇళ్ల ఆ యలహంక వఠారం మొత్తానికి ఉంగరాల్లేని, నల్లని, నడుము దాటిన జుట్టు ఇంటి యజమానురాలు సొన్నమ్మది. ఆమె తల దువ్వుకున్నాక రాలిన వెంట్రుకలను చుట్టచుట్టి, సవరం కోసమని పెరటి గోడ సందులో దాచుకునేది. అందులోంచి పాపయ్య చిటికెడు తీసుకున్నాడు.

కడిగి చూస్తే వంకరలు పోలేదు. బరువు కట్టి ఎండలో వేలాడదీయాలి. రాయి కడితే తెగింది. తాళంచెవి చాల్లేదు. వంటింట్లో నిమ్మకాయ కనిపించింది, సరైన బరువు. ముడి జారకుండా దానికొక సూది గుచ్చి, సూదికి వెంట్రుకలు ముడివేసి, పెరటి జామకొమ్మకు కట్టాడు. పొద్దున్నుంచి రెక్కలకు రంగు వేస్తున్నాడు కాబట్టి నిమ్మకాయకు నాలుగు ఎర్రటి వేలిముద్రలు పడ్డాయి. పాపయ్య పని బాగా కుదిరిందనుకుని కాఫీకి లోపలికి పోయాడు.

కాఫీ సగం తాగేసరికి పెరట్లో కేక.

"అయ్యయ్యో! నా ఎంటికలు! ఇవి నా ఎంటికలే!"

అతను బయటికి వచ్చేసరికి ఆరు ఇళ్లవాళ్లూ జామచెట్టు చుట్టూ నిలబడి ఉన్నారు. సొన్నమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుని ఉంది. ఒక్క మాట చెబితే తీరిపోయేది. ఆ మాట పాపయ్య గొంతు దాకా వచ్చింది. కానీ వెంట్రుకల సంగతి చెప్పాలంటే విమానం సంగతి చెప్పాలి. మాట మళ్లీ కిందికి దిగింది.

"ఈ చేతబడి ఎవురు చేసుంటారక్కా?" అంది భాగీరథమ్మ.

"నేను ఎంటికలు యాడ పెడతానో ఎవురికి తెలుసు? దినామూ పెరడు ఊడ్చేది ఎవురు?"

అప్పుడే నంజమ్మ చీపురు పట్టుకుని లోపలికి వచ్చింది. వఠారంలో ఆరిళ్ల పనీ ఆమెదే.

"నేనా? నాకు నిమ్మకాయ దొరికితే చిత్రాన్నానికి పిండుకుంటాను గానీ, చెట్టుకు కడతానామ్మా?" అంది.

"నోరు ముయ్యి. రేపట్నుంచి మా గడప తొక్కొద్దు!"

సొన్నమ్మ వద్దన్న మనిషిని మిగతా ఐదిళ్లు పెట్టుకోలేవు. నంజమ్మ చీపురు గోడకు ఆనించి వెళ్లిపోయింది. ఆమె తిని బతికేది ఆ ఆరిళ్ల పనితోనే. పాపయ్య తన కాలి బొటనవేలిని చూస్తూ నిలబడ్డాడు.

మరునాటి నుంచి ఆడవాళ్లు ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. కొళాయి దగ్గర రెండు బిందెలు ఎత్తగానే సొన్నమ్మ నడుము పట్టేసింది. భాగీరథమ్మ బట్టల బండ దగ్గర జారి పడింది. ఎదురింట్లో పాలు విరిగాయి. ప్రతిసారీ, "చూస్తిరా, తగిలింది" అన్నారు. అలవాటు లేని నడుములు, పాచిపట్టిన బండ, కడగని గిన్నె అని పాపయ్యకు తెలుసు. గురువారం, తన దగ్గర మిగిలిన వెంట్రుకలు వృథా ఎందుకని గదిలోనే బరువు కట్టి సాగదీసి, ఒక పక్క రెక్కలకు కట్టి చూశాడు. తీగలు అద్భుతంగా కుదిరాయి. ఆ సంతోషానికి అతనికి మరింత సిగ్గేసింది.

శనివారం సాయంత్రం సొన్నమ్మ, తాయెత్తులు కట్టే మునినారాయణప్పను పిలిపించింది. ఆయన ఎండిన నిమ్మకాయను మూడు వైపులా చూశాడు.

"ఇది బయటోళ్ల పని కాదు. ఆ పనిమనిషినీ పిలవండి. అందరూ కర్పూరం ఆర్పి ప్రమాణం చేయాల. అబద్ధమాడితే చెయ్యి పడిపోతాది."

నంజమ్మ వచ్చింది. అందరికన్నా ముందు తనే పోయి, వెలిగే కర్పూరాన్ని అరచేత్తో చప్పున ఆర్పింది.

"చూడండప్పా, చెయ్యి చురుక్కనలేదు! మంత్రం వచ్చినోళ్లకే అట్లుంటాది" అన్నాడు మునినారాయణప్ప.

నంజమ్మ తన అరచేతిని చూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూశాక పాపయ్య వల్ల కాలేదు.

"నంజమ్మ కాదు. నేను" అన్నాడు.

లోపలికి పోయి విమానాన్ని పళ్లెంలో పెట్టుకుని తెచ్చాడు. వెంట్రుకలు, సూది, నిమ్మకాయ, ఎర్రరంగు అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సొన్నమ్మ వంగి ఒక తీగను గోటితో మీటింది.

"నా ఎంటికే" అంది. "ఆఫీసుకు పోయే మనిషివి, నీకిదేం పనప్పా?"

పదకొండేళ్లుగా పాపయ్య భయపడుతున్నది ఆ ప్రశ్నకే. చెవులు కాలిపోతున్నా, నంజమ్మ కష్టం తీరింది కదా అని ఊరట కలిగింది.

మునినారాయణప్ప విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు. తన మాట పోయే సమయం అది.

"ఆలోచన చేయండమ్మా. పెండ్లయిన మగోడు, ఆడోళ్ల ఎంటికలు ఏరుకొచ్చి బొమ్మకు కట్టుకుంటాడా? తన బుద్ధితో కట్టుకుంటాడా? నిమ్మకాయ సొన్నమ్మక్కకు పెట్టింది కాదు. ఈయప్పకు పెట్టింది. ఈయప్ప చేత్తోనే కట్టించిండాది. ఎంత పెద్ద మంత్రమో చూడండి!"

వఠారమంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. ఈ మాటే సబబుగా ఉంది.

"అదే!" అని భాగీరథమ్మ భోరుమంది. "పదకొండేండ్లుగా ఈయనకు ఏమయిందా అని నేను కుమిలిపోతుండానే!"

"నంజమ్మ పనిలో చేరి కూడా పదకొండేండ్లే" అంది సొన్నమ్మ, గొంతు తగ్గించి.

"లేదు, నేనే..." అన్నాడు పాపయ్య.

"పాపం, ఇంకా అదే పలికిస్తుండాది" అన్నారెవరో.

"దీన్ని నేను ఇప్పలేను. కట్టినోళ్లే ఇప్పాల" అని మునినారాయణప్ప తప్పుకున్నాడు.

కాదని చెప్పడానికి నంజమ్మ నోరు తెరిచింది. ఎదురుగా ఆరుగురు ఇల్లాళ్లు చేతులు జోడించి ఉన్నారు. నోరు మూసుకుంది.

మరునాడు పొద్దున సొన్నమ్మే స్వయంగా పోయి ఆమెను పిలుచుకొచ్చింది. ఇన్నాళ్లూ చద్దన్నం పెట్టిన చేతులు వేడి దోసెలు పెట్టాయి. కాఫీ స్టీలు లోటాలో వచ్చింది. బండ మీద పాచి ఎవరో అప్పటికే గోకేశారు. నంజమ్మ తీరిగ్గా తిని, చేతులు కడుక్కుని, పీట తెమ్మంది.

భాగీరథమ్మ మొగుణ్ని తెచ్చి పీట మీద కూర్చోబెట్టింది. నంజమ్మ వేపమండతో అతని తల చుట్టూ తిప్పసాగింది. ఆడవాళ్లు భయపడి దూరంగా జరిగారు.

"నంజమ్మా, నువ్వేమీ చేయలేదని నాకు తెలుసు" అన్నాడు పాపయ్య పెదవులు కదలకుండా.

"నాకూ తెలుసు సామీ" అంది నంజమ్మ అంతకన్నా మెల్లగా. "కదలకుండా కూచో."

నలభై రెండేళ్ల సర్కారు గుమాస్తా, వేపమండ కింద తల వంచుకుని, కదలకుండా కూర్చున్నాడు.