మంత్రిగారు విన్నారు

ఈ ఏడాది చివరికల్లా రాష్ట్రంలో భార్యాభర్తలెవరూ పోట్లాడుకోరని పట్టణ వసతుల శాఖ మంత్రి రామ్మోహనరావు గారు కోకాపేటలో ప్రకటించారు. ఆ ప్రకటనను స్వయంగా విన్న అదృష్టవంతుల్లో నేనొకణ్ణి. ఒక దినపత్రికకు సైబరాబాద్ వార్తలు రాస్తుంటాను కనుక చారిత్రక ఘట్టాలు నాకు తరచూ తగులుతుంటాయి.

ఆ రోజు ‘మనసు సేవా కేంద్రం’ ప్రారంభోత్సవం. ఒక పెద్ద టవర్ కింది అంతస్తులో అద్దాల గది, రెండు సోఫాలు, ఒక టిష్యూ డబ్బా. భార్యాభర్తల తగాదాలు, ఆఫీసు ఒత్తిడి, నిద్ర పట్టకపోవడం, ఏదైనా సరే ఇక్కడ ఉచితంగా కౌన్సెలింగ్ ఇస్తారు. వీధి దీపాలూ, మోరీలూ చూసుకునే శాఖకు మనసులతో ఏం పని అని ఒక చానెల్ కుర్రాడు అడిగాడు.

“మోరీ మూసుకుపోతే మురుగు. మనసు మూసుకుపోతే గొడవ. రెండూ మా శాఖే” అన్నారు మంత్రిగారు.

అంత లోతైన మాట ఆ శాఖ నుంచి అంతకుముందు రాలేదు. వెంటనే రాసుకున్నాను.

మొదటి కౌన్సెలింగ్ కోసం ఒక సాఫ్ట్‌వేర్ జంటను మాట్లాడి పెట్టారు. వాళ్లు రాలేదు. ఫోన్ చూపించిన దారి మంచిదా, భార్య చెప్పిన దారి మంచిదా అనే విషయంలో తేడా వచ్చి, గచ్చిబౌలి దగ్గరే కారు దిగి చెరో ఆటోలో చెరో దిక్కుకు వెళ్లిపోయారని పీఏ సురేష్ మంత్రిగారి చెవిలో చెప్పాడు. కెమెరాలు ఎదురుచూస్తున్నాయి. మంత్రిగారు తడబడలేదు.

“మొదటి జంట మేమే” అని మైకులో ప్రకటించారు.

ముందు వరుసలో కూర్చున్న ఆయన భార్య పుణ్యవతి గారికి ఆ సంగతి మైకు ద్వారానే తెలిసింది. ఇంటి విషయాలు ఆమెకు ఎక్కువగా మైకు ద్వారానే తెలుస్తాయట.

కౌన్సెలర్ పేరు సౌజన్య. సైకాలజీ చదువుకున్న, గొంతు పెంచకుండా మాట్లాడే అమ్మాయి. మంత్రిగారి వెంట గన్‌మెన్, పీఏ, కార్యకర్తలు, విలేకరులు అందరం ఆ గదిలోకి దూరాం. ఒక కార్యకర్త జిందాబాద్ కూడా కొట్టాడు.

“సార్, ఇక్కడ మాట్లాడుకున్నది బయటికి పోకూడదు. మీరిద్దరే ఉండాలి” అంది సౌజన్య.

“నా జీవితం తెరిచిన పుస్తకం అమ్మా.”

“కాసేపు మూయండి సార్.”

అందరం బయటికి కదిలాం. అప్పుడు పుణ్యవతి గారు నన్ను చూపించి, “ఈయన్ని ఉండనివ్వండి. రేపు వీరు ‘నేనలా అనలేదు, నా మాటలు వక్రీకరించారు’ అంటే ఒక సాక్షి కావాలి కదండి. పేపర్లో రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు” అన్నారు. పేపర్ అన్న మాట వినగానే మంత్రిగారూ ఒప్పుకున్నారు. సురేష్ కూడా కదల్లేదు. సార్‌కు ఏమనిపిస్తుందో సార్ కంటే ముందు తనకే తెలుస్తుందని అతని వాదన.

“మీ ఇద్దరి మధ్య ఏది ఇబ్బందిగా ఉంది?” అని సౌజన్య అడిగింది.

“ఎలాంటి ఇబ్బందీ లేదు. ఇదంతా ప్రతిపక్షాల దుష్ప్రచారం” అన్నారు మంత్రిగారు.

“మేడం, మీరు చెప్పండి.”

“మేమిద్దరం మాట్లాడుకుని చాలాకాలం అయిందండి.”

“సార్ చాలా బాధపడుతున్నారు” అన్నాడు సురేష్.

“బాధపడితే ఆ మాట సారే చెప్పాలి” అంది సౌజన్య.

“సార్ బిజీ మేడం.”

పుణ్యవతి గారు కొంగు సర్దుకుని నెమ్మదిగా మొదలుపెట్టారు. “కిందటేడు నాకు గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయిందండి. వీరు ఢిల్లీలో ఉన్నారు. నేను డిశ్చార్జ్ అయి ఇంటికి వచ్చే ముందురోజు పార్టీ అధ్యక్షుల వారి పుట్టినరోజు వచ్చింది. పండ్లు పంచడానికి వీరు సరిగ్గా ఆ ఆస్పత్రికే వచ్చారు. నా మంచం దగ్గరికి కూడా వచ్చారు. బ్రెడ్డు ప్యాకెట్టూ రెండు యాపిల్సూ నా చేతిలో పెట్టి, కెమెరా వైపు తిరిగి, త్వరగా కోలుకోండమ్మా, ప్రభుత్వం మీకు అండగా ఉంది అని చెప్పి పక్క మంచానికి వెళ్లిపోయారు.”



“అవి కశ్మీర్ యాపిల్స్ మేడం” అన్నాడు సురేష్.

సౌజన్య అతన్ని ఒక చూపు చూసి, మంత్రిగారి వైపు తిరిగింది. “సార్, మీరు సమాధానం చెప్పొద్దు. మేడం చెప్పింది మీకు ఎలా అర్థమైందో ఆమెకు తిరిగి చెప్పండి.”

“ఆస్పత్రిలో వసతులు మెరుగుపడ్డాయని గౌరవ సభ్యురాలు...”

“కాదు సార్. ఇంకోసారి.”

“ఆ రోజు షెడ్యూల్ చాలా టైట్‌గా...”

“ఇంకోసారి.”

మంత్రిగారు భార్య వైపు తిరిగారు. రాసిచ్చిన కాగితం లేకుండా ఆయన మాట్లాడటం నేను చూడటం అదే మొదలు. “పుణ్యవతీ, నువ్వు మంచం మీద ఉన్నావు. నేను నీ ఎదురుగానే నిలబడ్డాను. అది నువ్వని నాకు తెలియలేదు. నీకు కోపం వచ్చి ఉంటుంది.”

“కోపం కాదండి, భయం వేసింది. ఇంటికొచ్చాక కూడా గుర్తుపట్టరేమోనని.”

ఆమె కళ్లు తుడుచుకున్నారు. మంత్రిగారు టిష్యూ డబ్బాను ఆమె వైపు జరిపారు, కెమెరా లేకపోయినా. ఆ గదిలో ఏదో మంచి జరిగిందని నాలాంటి వాడికి కూడా అర్థమైంది.

సౌజన్య ఆయనకు హోంవర్క్ ఇచ్చింది. “రోజూ పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి మేడం చెప్పేది వినండి సార్. సలహా ఇవ్వొద్దు. సర్దిచెప్పొద్దు. విన్నది తిరిగి చెప్పండి.”

మంత్రిగారు ముందుకు వంగారు. “సమస్య పరిష్కరించనక్కర్లేదా?”

“ముందు వింటే చాలు సార్. అవతలి మనిషి మనసు కుదుటపడుతుంది.”

“పరిష్కరించకపోయినా కుదుటపడుతుందా?”

“పడుతుంది. కాకపోతే ఆ తర్వాత...”

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. మంత్రిగారు లేచి వెళ్లిపోయారు. సౌజన్య మాటలో మిగిలిన సగం ఆ సోఫా దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు మంత్రిగారు నార్సింగిలో పర్యటించారు. అక్కడ ఒక గల్లీలో మోరీ పొంగి నెల దాటింది. రాజయ్య, సాయమ్మ అనే దంపతులు ఆయన కారుకు అడ్డం నిలబడ్డారు. పోలీసులు ముందుకు వచ్చారు. మంత్రిగారు వారిని ఆపి, ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని, ఫోన్ సురేష్ చేతికిచ్చి, వాళ్ల ఎదురుగా కూర్చున్నారు.

“సారు, మోరి పొంగి ఇంట్లకు వస్తున్నది. జర చూడుండ్రి” అన్నాడు రాజయ్య.

“మోరీ పొంగి ఇంట్లోకి వస్తోందని మీరు అంటున్నారు.”

“నేను అనుడు కాదు సారు, నిజంగనే వస్తున్నది.”

“దానివల్ల మీకు ఎలా అనిపిస్తోందమ్మా?” అని మంత్రిగారు సాయమ్మను అడిగారు.

“కంపనిపిస్తున్నది.”

“ఆ కంపు వెనక ఇంకేమైనా ఉందా?”

సాయమ్మ వెనక్కి తిరిగి చూసింది. “వెనక సెప్టిక్ ట్యాంకు ఉన్నది సారు.”

మంత్రిగారు ఓపిగ్గా తల ఊపుతూనే ఉన్నారు. ఆ ఊపుడుకు రాజయ్య కరిగిపోయాడు. తమ్ముడు తనతో మాట్లాడటం మానేసిన సంగతి, ఆ తమ్ముడి బిడ్డ పెళ్లికి తనను పిలవని సంగతి అన్నీ చెప్పి ఏడ్చాడు. సురేష్ టిష్యూలు అందించాడు. “ఇన్నేండ్లల్ల ఏ లీడరూ గిట్ల కూసొని ఇనలేదు” అని రాజయ్య చేతులు జోడించాడు. తర్వాత భార్యాభర్తలిద్దరూ తృప్తిగా, బట్టలు పైకెత్తి పట్టుకుని, మురుగులోంచి ఇంటికి నడిచి వెళ్లారు.

ఆ సాయంత్రమే మంత్రిగారు అధికారులతో అత్యవసర సమీక్ష జరిపారు. పట్టణ వసతుల ఇంజనీర్లందరికీ వినడంలో శిక్షణ మొదలైంది. మోరీలు శుభ్రం చేసే మెషీన్ల మీద పనిచేసే వాళ్లను కూడా శిక్షణకు పిలిచారు, మెషీన్లు షెడ్డులో నిలబడ్డాయి. ఫిర్యాదుల కౌంటర్ల దగ్గర సోఫాలు వేశారు. హైటెక్ సిటీ ఫ్లైఓవర్ దగ్గర, వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలిచే చోట, మంత్రిగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్న పెద్ద హోర్డింగ్ వెలిసింది. ‘మీ విసుగు మాకు అర్థమవుతోంది’ అని దాని మీద రాసి ఉంది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న వాళ్లు దాన్ని చాలాసేపు చదువుకునే వీలుంది.

ఫలితాలు అమోఘం. గల్లీలన్నీ మునిగినా శాఖ మీద ఒక్క ధర్నా జరగలేదు. మిగతా మంత్రులు కూడా తల ఊపడం నేర్చుకుంటున్నారని విన్నాను.

ఒకరోజు సౌజన్య సచివాలయానికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

“సార్, మీరు నా మాట మధ్యలోనే వెళ్లిపోయారు. విన్న తర్వాత చెయ్యాల్సింది చెయ్యాలి. మనసుకైతే వినేవాళ్లు కావాలి. మోరీకి మెషీన్ కావాలి.”

“మీరు ఆందోళనగా ఉన్నారని నాకు వినిపిస్తోంది.”

“ఆ మాట నేను నేర్పిందే సార్.”

“ఆ మాట మీరే నేర్పారని మీకు అనిపిస్తోంది.”

సౌజన్య మాట మార్చి, “పుణ్యవతి మేడం ఎలా ఉన్నారు? రోజూ వింటున్నారా?” అని అడిగింది.

“ఒక్క రోజు కూడా తప్పలేదు. నాకు కుదరదు కాబట్టి సురేష్‌ను పంపిస్తున్నాను” అన్నారు మంత్రిగారు.

నిజంగానే సురేష్ రోజూ ఆ ఇంటి హాల్లో పది నిమిషాలు కూర్చుంటున్నాడు. మొదటివారం పుణ్యవతి గారు అతనితో ఏమీ మాట్లాడలేదట. వచ్చిన మనిషిని ఊరికే పంపడం ఇష్టంలేక తర్వాత కొంచెం కొంచెం చెప్పడం మొదలుపెట్టారట.

నెల తిరిగేసరికి ఒక సాంస్కృతిక సంస్థ మంత్రిగారి సేవలను గుర్తించి మాదాపూర్‌లోని ఒక కన్వెన్షన్ హాల్లో సన్మానం ఏర్పాటు చేసింది. నేను ముందు వరుసలోనే కూర్చున్నాను. కార్యక్రమం మొదలయ్యే వేళకు సురేష్ చెమటలు కక్కుతూ వచ్చాడు.

“మేడం ఏమన్నారు?” అని మంత్రిగారు అడిగారు.

“బాచుపల్లిలో వాళ్ల చెల్లెలి ఇంటికి వెళ్లిపోతున్నానన్నారు సార్. ఇక రానన్నారు.”

“తిరిగి చెప్పావా?”

“ఒక్క ముక్క పోకుండా చెప్పాను సార్. కరెక్టేనన్నారు.”

“మధ్యలో సలహా ఇవ్వలేదు కదా?”

“లేదు సార్. సర్దిచెప్పలేదు కూడా.”

“వెరీ గుడ్. మనసు కుదుటపడిందా?”

“చాలా ప్రశాంతంగా ఉన్నారు సార్. ఒక్క సూట్‌కేసే తీసుకెళ్లారు.”

మంత్రిగారు తృప్తిగా తల ఊపి స్టేజీ ఎక్కారు. ‘ఆదర్శ దంపతులు’ పురస్కారం ఇప్పుడు అందజేస్తారని యాంకర్ ప్రకటించింది. పూలతో అలంకరించిన రెండు కుర్చీల్లో ఒకటి ఖాళీగా ఉంది. నిర్వాహకులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మంత్రిగారు సైగ చేస్తే సురేష్ వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. చప్పట్లు మోగాయి. మంత్రిగారికి శాలువా కప్పారు. సురేష్‌కు తాంబూలంతో పాటు పట్టుచీర ఇచ్చారు.

సురేష్ చీర అంచు తిప్పి చూసి, “రంగు బాగుంది సార్” అన్నాడు.

మంత్రిగారు పూర్తిగా అతని వైపు తిరిగి, కళ్లలోకి చూస్తూ, “రంగు బాగుందని నీకు అనిపిస్తోంది” అన్నారు.