గుడ్లగూబను తిట్టిన నోయెల్

శనివారం ఉదయం తొమ్మిదికి ఊరి హాలు ముందు సాసేజ్‌లు కాల్చి అమ్మాలని, ఆ డబ్బుతో కారుతున్న హాలు కప్పును ఈ చలికాలమైనా బాగుచేయించాలని నోయెల్ పథకం. ఊరి వెబ్‌సైట్ కూడా ఆయన చలవే. పోస్టాఫీసులో రిటైరయ్యాక ఉచిత సాఫ్ట్‌వేర్లు దించుకుని, ముక్కకు ముక్క అతికించి తానే కట్టాడు. అందులోని క్యాలెండర్‌ను ఎవరో ‘గుడ్లగూబ’ అన్న మారుపేరుతో రాసి, లోకానికి ఊరికే ఇచ్చేశాడు. సాసేజ్‌ల సంగతి నోయెల్ అందులోనే ఎక్కించాడు.

శనివారం తొమ్మిదయింది, పదయింది. ఉల్లిపాయలు మాడాయి తప్ప పురుగు కూడా రాలేదు. సాసేజ్‌లన్నీ కుక్కల పాలయ్యాయి. రాత్రి తొమ్మిదికి మాత్రం కోట్లు తొడుక్కుని ఊరంతా దిగింది. తాళం వేసిన హాలును చూసి అందరూ నోయెల్ తలుపు బాదారు. రాత్రి తొమ్మిదని నీ సైటే చెప్పిందిగా అంటూ మార్జరీ అయితే ఫోను ముక్కు మీదికి తెచ్చి మరీ చూపించింది.

నోయెల్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ మంటలో క్యాలెండర్ చర్చావేదికలోకి వెళ్లి, తన సైట్ చిరునామా జతచేసి, ‘ఏ దద్దమ్మ రాశాడిది? చేతకాకపోతే మానుకోవచ్చుగా’ అని పడేశాడు. వంత పాడేవాళ్లకేం కొదవ? పోలండ్ నుంచి ఒకడు, పెరూ నుంచి ఇంకొకడు తమ పాత కోపాలన్నీ వెళ్లగక్కారు. తెల్లారేసరికి గుడ్లగూబ ‘ఇక నావల్ల కాదు, సెలవు’ అని రాసి తప్పుకున్నాడు. పీడ విరగడైందని నోయెల్ ఇంకో కప్పు టీ పోసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం పక్కింటి హోనే కంచె మీదుగా ఫీజోవా పళ్ల బుట్ట అందించాడు. హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. నోయెల్ భార్య పోయినప్పటి నుంచి ఆయనకు ఆదివారం భోజనం వాళ్లింట్లోనే. ఇవాళ అతని ముఖం వాడిపోయి ఉంది.

"ఏరా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది బాబాయ్. ఏళ్ల తరబడి ఊరికే చేసిన పని ఒకటి మానేశా. ఎవరో పెద్దమనిషి దద్దమ్మ అన్నాడు. పాపం, ఆయన సైట్ గడియారం గ్రీనిచ్ టైములోనే ఉండిపోయింది. ఆయన పొద్దున తొమ్మిదని కొడితే, అది గ్రీనిచ్ పొద్దుననుకుని, పన్నెండు గంటలు కలిపి, మన ఫోన్లలో రాత్రి తొమ్మిదని చూపించింది. సైట్ పెట్టిన రోజే ఊరి టైముకు మార్చుకోవాలి. అదే రాయబోతుంటే మిగతావాళ్లు మీద పడ్డారు."

నోయెల్ బుట్ట కింద పెట్టాడు. "అది నేనేరా," అన్నాడు చివరికి.

"తెలుసు. ఆ సైట్ మొదటి పేజీలో ఉన్న ఫొటో మా మేకదేగా."

మళ్లీ మొదలెట్టమని నోయెల్ బతిమాలాడు. మనసు విరిగిందని హోనే మెల్లగా చెప్పి, వేళకు భోజనానికి రమ్మని గుర్తుచేసి లోపలికెళ్లాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది నోయెల్‌కు.

ఆ క్యాలెండర్‌ను ఇంకెవరూ చేపట్టలేదు. చర్చావేదికలో జవాబులిచ్చే పనైనా చేద్దామని నోయెల్ నెత్తినేసుకున్నాడు. ఆదివారం భోజనాలు సాగుతూనే ఉన్నాయి. హోనే కంప్యూటర్ మీద మాత్రం గుడ్డ కప్పి ఉంటుంది, నోయెల్ అటు చూడకుండా తింటాడు.

మొన్న కెనడా నుంచి ఒకాయన రాశాడు, ఏ దద్దమ్మ రాశాడిది అని. నోయెల్ కళ్లజోడు సవరించుకుని జవాబు కొట్టాడు:

"అయ్యా, రాసినవాడు కాదు, జవాబిస్తున్నవాడు దద్దమ్మ. ముందు మీ గడియారం చూసుకోండి."