వరండాలో వాళ్ళు లెక్కలోకి రారు

ఒక పెద్ద అడవిలో ఒక ఆసుపత్రి ఉండేది. దానికి పెద్ద సుబోధం అనే నక్క. వైద్యం ఒక్క ముక్క రాకపోయినా, వైద్యులు వైద్యం ఎలా చేయాలో చెప్పడంలో అందె వేసిన చెయ్యి.

ఆసుపత్రిలో రెండు గదులు. నోట్లో, చర్మం మీద, గోళ్ళ కింద పట్టే బూజంతా ముళ్ళపంది డాక్టరు గదికి. కోసి తీయాల్సిన చెడ్డ గడ్డలన్నీ కొంగ డాక్టరమ్మ గదికి.

చిక్కల్లా రెండూ కలిసి వచ్చినవాళ్ళతోనే. వాళ్ళు ఓ పట్టాన నయం కారు. కొందరు చచ్చిపోతారు కూడా. దాంతో సింహం దగ్గర సుబోధం చీవాట్లు తినాల్సి వస్తోంది.

అందుకని ఓ నియమం పెట్టాడు. "బూజు గదిలోకి గడ్డ ఉన్నవాళ్ళు రాకూడదు. గడ్డల గదిలోకి బూజు ఉన్నవాళ్ళు రాకూడదు. రెండూ ఉన్నవాళ్ళు వరండాలో కూర్చోవాలి. ముందు ఏది వచ్చిందో తేలాక పిలుస్తాం." తేల్చడానికి తాబేళ్ళతో ఓ కమిటీ కూడా వేశాడు.

ఆ ఏడాది రెండు గదుల్లోనూ ఒక్క చావు లేదు. వరండా గది కాదు కదా! సింహం మురిసిపోయి సుబోధం మెడలో దండ వేసింది.

ఓ రోజు వరండాలోంచి ఎలుగుబంటి భల్లమ్మ పిలిచింది.

"నక్కబాబూ, నాలుక మీద తెల్లపూత ఎన్నాళ్ళనుంచో వదలట్లేదు. ఇప్పుడు దాని కిందే గట్టిగా ఏదో తగులుతోంది. తేనె నాకినా మంటే నాయనా!"

"ముందు ఏది వచ్చిందమ్మా?"

"పూతే బాబూ."

"నువ్వంటే సరిపోతుందా? కమిటీ అనాలి."

పక్కనే ఉన్న ముళ్ళపందికి జాలేసింది. "అయ్యా, ఏళ్ళ తరబడి వదలని బూజు ఉన్నచోట గడ్డ లేవొచ్చని మాకు అనుమానం. గడ్డతో నీరసించిన ఒంటికి బూజు పట్టడమూ సులువే. మేమిద్దరం కలిసి చూస్తే..."

"మీరిద్దరూ కలిస్తే ఇక రెండు గదులెందుకయ్యా?" అన్నాడు సుబోధం.

చలికాలం వచ్చింది. సుబోధం ఊళ వేయబోతే నాలుక తిరగలేదు. మడుగులో చూసుకుంటే తెల్లపూత, దాని పక్కనే చిన్న గడ్డ. బతకాలని ఎంత ఆశగా ఉంటుందో వాడికి మొదటిసారి తెలిసింది.

బూజు గదికి పరుగెత్తాడు.

"గడ్డ ఉందిగా అయ్యగారూ! మీరు పెట్టిన నియమమే," అన్నాడు ముళ్ళపంది.

గడ్డల గదికి పరుగెత్తాడు.

"ముందు బూజు వదిలించుకు రండి," అంది కొంగమ్మ.

"నేను ఈ ఆసుపత్రికి పెద్దనే!"

"అందుకే కదండీ, మీ మాట జవదాటం."

చివరికి సింహం కాళ్ళ మీద పడ్డాడు. "ప్రభూ, ఆ నియమం రద్దు చేయండి!"

"మతి పోయిందా? దానివల్ల చచ్చినవాడు ఒక్కడుంటే చెప్పు," అంది సింహం.

వరండా సంగతి చెబితే దండతో పాటు తలా పోతుంది. సుబోధం కాళ్ళీడ్చుకుంటూ వచ్చి వరండాలో కూలబడ్డాడు. భల్లమ్మ జరిగి చోటిచ్చింది.

"బాగా నొప్పిగా ఉందా నాయనా?" అంది.

ఆ ఆసుపత్రిలో ఆ మాట అడిగినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. సుబోధం భోరుమన్నాడు.

నీతి: రోగాలు ఒకదాని తర్వాత ఒకటి వరసలో రావలెను, కలిసి రావడం నియమ విరుద్ధం.