శూలపాణి ప్రేమ, పదిహేడు ముళ్లు

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఈ చివర తుమ్మితే ఆ చివర 'చిరంజీవ' అనే దిక్కులేనంత పెద్ద అడవిలో, శూలపాణి అనే ముళ్లపంది ఉండేవాడు. పాపం, ఒంటరివాడు. ఒంటినిండా ముళ్లుంటే పక్కన ఎవరు కూర్చుంటారు చెప్పండి? పెళ్లిచూపులకి వెళ్తే పిల్ల తండ్రి రెండు గజాల దూరంలో పీట వేసేవాడు.

అలాంటి రోజుల్లో అడవిలోకి చిలకల సేవ వచ్చింది. ఎవరి మాటలు ఎవరికైనా చిలకలే మోసుకెళ్తాయి. ముఖాలు చూసుకోనక్కర్లేదు. చెప్పింది చెప్పినట్టు వల్లిస్తాయి. నిజమా, అబద్ధమా అని అడిగితే మాత్రం, "అది వేరే శాఖ" అంటాయి.

శూలపాణి బాగా ఆలోచించి, తోడు కావాలని అడవంతా కబురంపాడు. "నా పేరు మృదుల్. తెల్ల కుందేలుని. ఒళ్లంతా పట్టు."

మర్నాటికే జవాబు. "నేను మంజరిని. నేనూ కుందేలునే. ఇంతకీ తిన్నారా?"

శూలపాణికి కళ్లనీళ్లు తిరిగాయి. అమ్మ పోయాక ఆ మాట అడిగిన ప్రాణి లేదు. ఇక రోజూ అదే ప్రేమ. "బాగా తింటున్నారా? ఎన్ని కిలోలున్నారు? తొడలు మెత్తగా ఉంటాయా?" మీకూ నాకూ అయితే ఎక్కడో అనుమానం తగిలేది. ప్రేమలో పడ్డవాడికి బుర్ర ఉంటుందా, నా మొహం!

"తొమ్మిది కిలోలు" అని గర్వంగా చెప్పాడు.

ఆ మంజరి ఎవరో కాదు, గుట్ట కింద గుహలో ఉండే కరాళమ్మ అనే దుమ్ములగొండి. మోకాళ్లు అరిగి పరుగు తగ్గాక, కుందేళ్లని ఇంటికే రప్పించుకుంటోంది.

"మంగళవారం పొద్దున్నే గుట్ట దగ్గరికి రండి" అని ఆవిడ కబురు.

ఆ మంగళవారం తెల్లారగానే శూలపాణి ముళ్లు తీయించుకుందామని సెలూను కోతి దగ్గరికి పరుగెత్తాడు.

"మంగళవారం కత్తి పట్టనయ్యా, అరిష్టం" అన్నాడు కోతి.

"నా జీవితం బాబూ ఇది!"

"అయితే బుధవారం నుంచి జీవించు."

వేరే దారి లేక బూరుగు చెట్టు కింద దొర్లాడు. రాలిన దూదంతా ముళ్లకి పట్టుకుంది. రెండు మోదుగాకులు చెవులుగా కట్టుకుని గుట్ట దగ్గరికి వెళ్లి, సిగ్గుపడుతూ, "మంజరీ!" అన్నాడు.

"వచ్చావా నా తొమ్మిది కిలోలూ!" అంటూ కరాళమ్మ పొదలోంచి దూకి, ఆ దూదిని నోటినిండా కరిచింది.

ముళ్లు దిగి ఆవిడ పెట్టిన కేకకి గుట్టమీద గబ్బిలాలు కూడా నిద్ర లేచాయి.

మధ్యాహ్నానికి పంచాయతీ. పెద్దమనిషి అడవిదున్న. కరాళమ్మ మూతికి పదిహేడు ముళ్లు.

"కుందేలని నమ్మించి నన్ను మోసం చేశాడండీ!"

"నువ్వూ కుందేలునన్నావటగా?"

"అన్నానండీ. కానీ నేను వచ్చింది కుందేలు కోసమే. నా మనసులో కల్మషం లేదు."

"నన్ను తినబోయిందండీ!" అన్నాడు శూలపాణి.

"తినలేదుగా?" అన్నాడు అడవిదున్న. కాసేపు నెమరేసి తీర్పు చెప్పాడు. "పేర్లు ఇద్దరూ మార్చారు. నెత్తురు ఒకరికే వచ్చింది. కాబట్టి బాధితురాలు ఆవిడే. శూలపాణీ, క్షమాపణ చెప్పి, ఆ ముళ్లు నీ చేత్తోనే తీసెయ్."

శూలపాణి క్షమాపణ చెప్పాడు. కరాళమ్మ పక్కన కూర్చుని ఒక్కో ముల్లూ తీయడం మొదలుపెట్టాడు. పొద్దు వాలుతున్నా తొమ్మిదో ముల్లు దగ్గరే ఉన్నాడు.

"ఎందుకయ్యా ఇంత నెమ్మది?" అని విసుక్కున్నాడు అడవిదున్న.

శూలపాణి తల ఎత్తలేదు. "ఇంతసేపు నా పక్కన ఎవరు కూర్చున్నారండీ ఎప్పుడైనా?" అన్నాడు.

నీతి: మోసపోయినవాడు ముందు క్షమాపణ చెప్పాలి, ప్రేమించి మోసపోతే రెండుసార్లు చెప్పాలి.