ఎవరికీ తెలియని నక్కల వంక

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల విజ్ఞాన పిపాసులకు తెలియజేయడమేమనగా, ‘అరుదైన నిజాల సంఘం’ నెలవారీ సభ గత ఆదివారం ప్రొద్దుటూరు శివార్లలోని పెంచలమ్మ ఫంక్షన్ హాలులో దిగ్విజయంగా జరిగింది. బిరియానీ సరిపోయింది. నిజం మాత్రం ఒకటి ఎక్కువైంది. ఈ నివేదిక ఆ ఒక్కదాని గురించే.

సంఘం ఆశయం గొప్పది. ఎవరికీ తెలియని నిజాలను వెలికితీసి నలుగురికీ చెప్పడం. అన్నిటికన్నా వింత నిజం తెచ్చినవారికి శాలువా, ఇత్తడి జ్ఞాపిక, బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ. ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయని చెప్పి పులివెందుల అరటికాయల వ్యాపారి ఒకాయన నిరుడు ఫ్లెక్సీ ఎక్కాడు. సొంత మనవళ్లు ముగ్గురూ ఏ తరగతి చదువుతున్నారో ఆయనకు తెలియదు, కానీ అందులో వింతేమీ లేదు.

తొలి రోజుల్లో సంఘానికి ఒక చిక్కు వచ్చిపడింది. ఎవరు ఏ నిజం చెప్పినా సభ సభంతా ‘మాకు తెలుసు’ అని చెయ్యెత్తేది. తెలియదని ఒప్పుకోవడం మన జిల్లాలో అప్పు ఎగ్గొట్టడం కన్నా నామోషీ. అందుకని కార్యదర్శి మహబూబ్ బాషా ఒక నిబంధన పెట్టాడు. చెయ్యెత్తినవాడు ఆ విషయంలో తనకు తెలిసిన ఇంకో ముక్క చెప్పాలి. అలా పదిమందికి మించి చెప్పగలిగితే అది అందరికీ తెలిసిన సంగతి కిందే లెక్క, తిరస్కరణ తప్పదు. బాషాది జిరాక్సు షాపు. కాగితం మీద పడి, దాని మీద సీలు పడితే తప్ప ఏ మాటా ఆయన లెక్కలో మాట కాదు. తిరస్కరణ కూడా రాతపూర్వకంగానే ఇస్తాడు.

ఆదివారం సభ మంచి ఊపుమీద మొదలైంది. శుక్రగ్రహం మీద ఒక రోజు అక్కడి ఏడాది కన్నా పొడవని ఒకరు చెప్పారు. పారిస్‌లో ఒక పేరుమోసిన బొమ్మ దొంగలపాలైతే, అది లేని ఖాళీ గోడను చూడడానికి జనం బారులు తీరారని మరొకరు చెప్పారు. ఆస్ట్రేలియాలో ఒక జంతువు పాచికల్లాంటి పెంటికలు వేస్తుందని మూడో ఆయన చెప్పినప్పుడు సభ పులకించిపోయింది.

అప్పుడు వెనుక వరుసలోంచి చేతికర్రతో ఒకామె లేచింది.

“నా పేరు సిద్దమ్మ. గొర్రెలు మేపుకుంటాండా. నేను గూడా ఒక నిజం చెప్తా.”

“చెప్పొచ్చు పెద్దమ్మా. అయితే అది ఎవురికీ తెలీనిదై ఉండాల,” అన్నాడు బాషా.

“ఎవురికీ తెలీదని సర్కారోళ్లే రాసిచ్చినారప్పా,” అంటూ ఆమె కొంగు ముడిలోంచి కాగితం తీసింది.

బాషా దాన్ని భక్తిగా చదివాడు. ‘సదరు స్థలమందు వంక (వాగు) ఉన్నట్లు విచారించిన నలభై మందిలో ఎవరికీ తెలియదు. కావున అర్జీ మూసివేయడమైనది.’ ధ్రువపత్రంతో వచ్చిన నిజం సంఘం చరిత్రలో ఇదే మొదటిది. మైకు ఆమె చేతికిచ్చాడు.

“మీరు కూసున్న ఈ హాలు వంకలో ఉండాది. నక్కల వంక. ఆరేండ్ల కిందటి దాకా నా గొర్రెలు ఈడనే నీళ్లు తాగేటివి. ఇప్పుడు నీళ్లకని లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటిస్తాండా. పోయిన నెల ఏడు గొర్రెలు లారీ కింద పడి సచ్చినాయి. ఉండేటివి గూడా అట్లనే పోతే నేనెట్ల బతకాల?”

సభ మొత్తం అధ్యక్షుడి వైపు తిరిగింది. హాలు యజమాని మద్దిలేటే సంఘానికి అధ్యక్షుడు కావడం వల్ల చేతులన్నీ మర్యాదగా ఒళ్లోనే ఉన్నాయి. కానీ ఎంతసేపని ఉంటాయి? గొర్రెలు కాసే మనిషి చెప్పిన విషయం తమకు తెలియదని అనిపించుకోవడం మూడు పట్టణాల మేధావులకు పెద్ద శిక్ష.

ముందు జమ్మలమడుగు బట్టల వ్యాపారి చెయ్యి లేచింది. “ఇదేం వింత? మా తమ్ముని పెండ్లి బస్సు ఈ వంకలోనే ఇరుక్కుండె. పెండ్లికొడుకుతో గూడా తోపిచ్చినాం.” తర్వాత ఒక పంతులుగారు లేచారు. ఆయన ఈత నేర్చుకున్నది ఇందులోనే, ఇప్పుడు చేతులు కడుక్కునే కుళాయిలున్న చోట లోతు ఎక్కువట. మరొకాయన పట్టిన చేపల పొడవు చెప్పాడు. వీళ్లలో చాలామంది విచారణనాడు ఏమీ తెలియని ఆ నలభై మందిలోనివారే. పాపం, ఆనాడు అడిగిన ఆఫీసరు దగ్గర శాలువా లేదు.

చివరకు అధ్యక్షులవారే మైకు అందుకున్నారు. “సభాసదులారా, విజ్ఞానంలో ఈ సంఘం ఎవురికీ తీసిపోదు. ఈడ వంకుండేది నాకు తెలీదా? పూడ్చేదానికి మూడు వందల టిప్పర్ల మన్ను తోలిపిచ్చినోన్ని నేనే కదా. ఆ మన్ను ఏ గుట్టదో గూడా చెప్పమంటే చెప్తా.”

చప్పట్లు చాలాసేపు మోగాయి. ఆ తర్వాత లేవని చెయ్యి ఒక్కటీ లేదు.

మహబూబ్ బాషా నిబంధన ప్రకారం తీర్పు రాసి, సీలు వేసి సిద్దమ్మకిచ్చాడు. ‘ఈ హాలు నక్కల వంకలో కట్టినదన్న విషయం అధ్యక్షులతో సహా సభికులు రెండు వందల పద్నాలుగు మందికీ ముందే తెలిసినందున, అరుదైన నిజంగా పరిగణించుటకు వీలులేదు.’ ఆమె దాన్ని రెండు మడతలు పెట్టుకుని, బిరియానీ తినకుండానే వెళ్లిపోయింది. శాలువా పెంటికలకు దక్కింది.

మర్నాడు ఆమె ఆ కాగితంతో, అర్జీ మూసేసిన ఆఫీసరు ముందు నిలబడింది. ఆయన మంచివాడు. రెండుసార్లు చదివి, “సంఘం సీలు మాకు చెల్లదమ్మా. ఈ రెండు వందల పద్నాలుగు మందిలో ఒక్కరు సంతకం పెడితే చాలు. కొలతలు వేయించి వంక తెరిపిస్తా,” అన్నాడు. పద్ధతిగా కాగితం అడుగున గీత గీసి, కింద ‘సాక్షి’ అని కూడా రాసిచ్చాడు.

సిద్దమ్మ గొర్రెలను చెల్లెలికి అప్పజెప్పి మూడు పట్టణాలూ తిరిగింది. మన సీమ మర్యాదను తక్కువ చేసి చెప్పకూడదు. ఆమెకు ఎక్కడా టీ ఇవ్వకుండా పంపలేదు. జమ్మలమడుగులో బట్టల వ్యాపారి పెండ్లి ఆల్బం తీసి, వంకలో ఇరుక్కున్న బస్సు ఫోటో చూపించాడు. ఫోటో మాత్రం ఇవ్వలేదు. ప్రొద్దుటూరులో పంతులుగారు, “అందరికీ తెలిసిందానికి మళ్ల నా సంతకమెందుకమ్మా?” అన్నారు. పులివెందులలో అరటికాయల వ్యాపారి ఒక గెల ఇచ్చి పంపాడు. బాషా అయితే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. “సీలు ఎన్నిసార్లు కొట్టమన్నా కొడ్తా పెద్దమ్మా. సంతకం మాత్రం అడగొద్దు,” అన్నాడు.

ఆమె తిరిగిన ఆ పదకొండు రోజుల్లో ఇంకో రెండు గొర్రెలు లారీ కింద పడ్డాయి.

పన్నెండో రోజు ఆఫీసరు కాగితం తిప్పి చూశాడు. గీత మీద ఏమీ లేదు. నిజంగానే బాధపడ్డాడు. “నాకూ తెలుసమ్మా. ప్రొద్దుటూరులో చదువుకునేటప్పుడు ఆ వంక దాటుకునే కాలేజీకి పోయేవాణ్ని. వానాకాలంలో చెప్పులు చేతబట్టుకునేవాళ్లం.”

“అట్లయితే ఆ ఒక్క సంతకం మీరే పెట్టండి సార్,” అంది సిద్దమ్మ.

విచారణాధికారి సాక్షిగా ఉండరాదన్న నిబంధన ఆయనకు వెంటనే జ్ఞాపకం వచ్చింది. కాగితం ఆమెకు తిరిగిచ్చి, తరువాతి అర్జీదారును పిలిపించాడు.

పాఠక మహాశయులారా, నక్కల వంక ఎక్కడుండేదో ఇప్పుడు మీకూ తెలిసింది. సిద్దమ్మ ఆఫీసు మెట్ల మీదే కూర్చుని ఉంది. గీత ఇంకా ఖాళీగానే ఉంది, కలం కూడా ఆమె తెచ్చుకుంది.