పదో చుక్క

ఆ ఉదయం పటాల గుమస్తా ఇస్త్రీ చొక్కా వేసుకుని, పదింటికల్లా రేవుకెళ్లి పెద్దాఫీసరుకు స్వాగతం చెప్పాలనుకున్నాడు. దీవి పర్యాటక కార్యాలయంలో పదకొండేళ్లుగా పటాలు గీస్తూ, బదిలీ కోసం అర్జీలు పెడుతూనే ఉన్నాడు. ఇన్నాళ్లకు వాటిమీద సంతకం పెట్టే చెయ్యి పడవెక్కి వస్తోంది. ఆగని వానకు గోడలు చెమ్మెక్కి, బట్టలు బూజుపట్టి, కొబ్బరిచెట్టు కనిపిస్తే చాలు ఏడుపొచ్చే స్థితికి చేరాడు పాపం. భార్య అప్పుడే సామాను పెట్టెల్లో సర్దేసి, కుర్చీలమీద దుప్పట్లు కప్పేసింది.

మామగారు మాత్రం, ఎప్పుడో తను కట్టించిన ఆ ఇంట్లోనే, కిటికీ పక్కన కూర్చుని సముద్రంకేసి చూస్తున్నారు. అత్తగారు పోయి ఎనిమిది నెలలైంది. అప్పటినుంచి ఆయన నోరు విప్పలేదు. ఊరు మారితేనన్నా నాన్న మామూలు మనిషవుతాడేమోనని కూతురి ఆశ.

గుమస్తా చెప్పుల్లో కాళ్లు పెడుతుండగా తలుపు చప్పుడైంది. గొడుగు కింద ఆలుమగలు, చేతిలో పటం.

“చూడాల్సిన పదో చోటు ఇదేనాండీ?” అందావిడ.

“పదోది లేదండీ. జలపాతంతో కలిపి తొమ్మిదే. గీసింది నేనే.”

ఆవిడ పటం చూపించింది. అందులో అతని ఇంటిమీదే పదో ఎర్రచుక్క. ఎర్రరంగు సరైన చోట పడుతోందో లేదో చూసుకోవడానికి తన ఇంటిమీద ఒక చుక్క పెట్టుకోవడం, అచ్చుకు పంపేముందు చెరిపెయ్యడం అతని అలవాటు. ఈసారి బదిలీ ధ్యాసలో చెరపడం మరిచాడు. పటాలు ఊరంతా పంచేశారు.

“మరమ్మతులండీ, మూసేశాం,” అన్నాడు నోటికొచ్చినట్టు.

వాళ్లు లోపలికి తొంగిచూశారు. పెట్టెలు, దుప్పట్లు కప్పిన కుర్చీలు కనిపించాయి. నిజమేనన్నట్టు తలూపి, ఎవరో గొప్పవాళ్ల స్మారకం కాబోలనుకుని, చెప్పులు విడిచి, మునివేళ్లమీద లోపలికి నడిచారు. వెనకే మరో నలుగురు. ఆ వెనక ఏకంగా బస్సెడు జనం దిగారు. ఆ వానలో, పటంలోని చోట్లలో పైకప్పున్నది ఇదొక్కటే మరి.

“ఏవండీ, ఎవరు వీళ్లంతా? నా చీపురుకి ఫొటోలు తీస్తున్నారు!” అంది భార్య వంటింట్లోంచి వచ్చి.

“గట్టిగా అరవకే. సొంతిల్లు సర్కారు పటంలోకి ఎక్కించానని తెలిస్తే బదిలీ మాట దేవుడెరుగు, ఉద్యోగమే ఊడుతుంది.”

“అయితే ఆఫీసరు రాకముందే పంపించెయ్యండి!”

ఎవరూ కదల్లేదు. మొదట వచ్చినావిడ మామగారి దగ్గరకెళ్లి వంగింది. “తాతగారూ, ఇక్కడ ఎవరుండేవారు?”

“ఆయన మాట్లాడరండీ,” అంటూ గుమస్తా అడ్డుపడబోయాడు.

“ఒకావిడ ఉండేది,” అన్నారు మామగారు.

ఫొటోలు తీస్తున్నవాళ్లు కెమెరాలు దించి అటు తిరిగారు.

“ఈ కిటికీ రెక్క సరిగ్గా మూతపడదమ్మా. బాగుచెయ్యమని ముప్ఫై ఏళ్లు అడిగింది. రేపు చూద్దాంలే అన్నాను. ఆఖరి రోజుల్లో ఈ సందులోంచి చలిగాలి కొడుతోందని తలగడ అడ్డుపెట్టుకుని పడుకుంది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.”

కూతురు మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. “నాన్న మాట్లాడుతున్నాడండీ,” అని వెక్కివెక్కి ఏడ్చింది. గుమస్తాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే గుమ్మంలో, నిలువునా తడిసిన పెద్దాఫీసరు ప్రత్యక్షమయ్యాడు. రేవులో పలకరించే దిక్కులేక, దీవిలో జనమంతా ఏమయ్యారని వాకబు చేసుకుంటూ ఇక్కడ తేలాడు.

“సార్, ఇదీ...”

“ష్!” అన్నాడు ఆఫీసరు. మామగారి మాటలు పూర్తయ్యేదాకా నిలబడి విని, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “దారిలో రెండు బీచీలు చూశాను. నరపురుగు లేదు. ఇక్కడ కాలు పెట్టే సందు లేదు. ఎవరి ఆలోచనయ్యా ఇది?”

నిజం చెప్పడానికి అదే అదను. కానీ గుమస్తా ఆశకు పోయాడు.

“నాదే సార్,” అన్నాడు తలవంచుకుని.

“శభాష్. నీ అర్జీ నా సంచిలోనే ఉంది.” ఆఫీసరు అక్కడికక్కడే పెట్టెమీద కాగితం పరిచి, నాలుగు ముక్కలు రాసి, సంతకం గీకి, భుజం తట్టి వెళ్లిపోయాడు.

గుమస్తా, భార్య ఆ కాగితంమీదికి వంగారు. బదిలీ మంజూరైంది. గుమస్తాను కార్యాలయంనుంచి పదో చోటుకు, కాపలాదారుగా మార్చారు. అక్కడి సామానును, కిటికీని, పెద్దాయనను ఎట్టి పరిస్థితుల్లోనూ కదపరాదు. భార్య చదివి, కళ్లు తుడుచుకుని, పెట్టెలు విప్పడం మొదలుపెట్టింది. మామగారు రెండో బస్సువాళ్లకు మళ్లీ మొదటినుంచి చెబుతున్నారు.

కొత్త చోటుకు వెళ్లి చేరడానికి, నిబంధనల ప్రకారం, ఏడు రోజుల గడువు కూడా ఇచ్చారు.