నాలుగు ముళ్ల సీసా

ఆ ఆదివారం పొద్దున హరికృష్ణకు రెండు పనులున్నాయి. ఒకటి బతుకుతెరువుకు సంబంధించింది, రెండోది విస్కీకి సంబంధించింది. పాపం, మొదటిదాని గురించే ఆలోచిద్దామని బుద్ధిగా అరుగు మీద కూర్చున్నాడు. మనసు మాత్రం మాటిమాటికీ రెండోదాని మీదికే పోయింది.

మొదటి పని సంగతి ముందు చెప్పాలి. ఎమ్మిగనూరులో హరికృష్ణకు నాలుగు మగ్గాలు, పెరట్లో ఒక రంగుల షెడ్డు ఉన్నాయి. బెంగళూరులో చీరల దుకాణం నడిపే దీప మేడం అతన్ని అరవై చీరలు అడిగింది. రంగు ఒక్కటే, తేనె రంగు. రసాయనాలు వద్దు, ఆకులూ కాయలూ తొక్కలూ ఉడికించి వేసిన రంగే కావాలంది. హరికృష్ణ రంగు వేసిన నూలు కట్ట, వాళ్ల మాటల్లో చిలప, ఆరుసార్లు పంపితే ఆరుసార్లూ తిరిగొచ్చింది. ఒకటి పసుపు కొమ్ములా ఉందట, ఇంకొకటి వానాకాలం రోడ్డులా ఉందట. సీసాలో తేనె పోసి ఎండకు ఎత్తి పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా ఉండాలట. ఈ రోజు మూడు గంటలకు తనే వస్తానంది. ఇదే ఆఖరిసారి, కుదరకపోతే ఆర్డరు వేరే ఊరికి పోతుంది. నెల రోజులుగా రెండు మగ్గాలు చప్పుడు లేకుండా పడి ఉన్నాయి. అవి ఆడాలంటే ఆ రంగు దొరకాలి.

దొరికించాల్సిన మనిషి మామ చెన్నప్ప. భార్య కృష్ణకుమారి తండ్రి, నలభై ఏళ్లుగా రంగుల మేస్త్రి. మెడలో తులసి పూస, నోట్లో రాఘవేంద్రస్వామి పేరు. సారాయి దుకాణం ఉన్న వీధిలో నడవాల్సి వస్తే పక్క వీధిలోంచి తిరిగి పోయే రకం.

ఇక రెండో పని. ఆదోనిలో పత్తి మిల్లు మెషీన్లు బాగుచేసే స్నేహితుడు అశోక్‌ను కంపెనీవాళ్లు పది రోజుల శిక్షణకు అమెరికా పంపారు. అతను తిరిగొస్తూ మూడు స్వెట్టర్లలో చుట్టి బర్బన్ అనే అమెరికా విస్కీ సీసా ఒకటి తెచ్చాడు. లిమిటెడ్ ఎడిషన్. ఆ ఏడాదికి కొన్ని వందల సీసాలే చేశారట, ఒక్కోదాని మీద చేత్తో అంకె వేశారట. అరవై ఆరు శాతం ఘాటు. ఈ సంగతులన్నీ అశోక్ నెల రోజులుగా ఫోన్లో చెబుతూనే ఉన్నాడు. వాళ్లిద్దరికీ స్నేహితుడు, నందవరంలో ఉండే రిటైరైన డ్రిల్లు మాస్టరు గోవిందన్న మాత్రం అన్ని విస్కీలూ ఒకటేనని, రంగూ సీసా తప్ప తేడా లేదని పట్టుబట్టాడు. ఆ మాటకు అశోక్ రెండు వారాలు అతనితో మాట్లాడలేదు. చివరికి హరికృష్ణ మధ్యవర్తిగా ఒక పరీక్ష పెట్టారు. నాలుగు విస్కీలు పేరు తెలియకుండా తాగాలి, ఏది ఏదో చెప్పాలి.

అశోక్ ఇంట్లో కుదరదు. మూత తీసిన రోజు పుట్టింటికి పోతానని భార్య హేమలత చెప్పేసింది. నందవరంలో గోవిందన్న ఏ గుమ్మంలో నిలబడినా ఎవడో ఒకడు "సార్, నమస్తే" అంటాడు. కాబట్టి ఎమ్మిగనూరే.

హరికృష్ణ తెల్లారగానే నాలుగు విస్కీలను రంగుల షెడ్డులోని నాలుగు గాజు సీసాల్లోకి వంపాడు. రంగుల షెడ్డులో కాగితం నిలవదు, తడిసి ఊడిపోతుంది. అందుకే అక్కడ ఏ నమూనాకైనా మెడకు దారం కట్టి, ఒకటో రకానికి ఒక ముడి, రెండోదానికి రెండు, అలా వేస్తారు. హరికృష్ణ చెయ్యి అలవాటుకొద్దీ అదే పని చేసింది. స్కాచ్‌కు ఒక ముడి, గోవిందన్న ఎప్పుడూ తాగే దుకాణం విస్కీకి రెండు, బెంగళూరు సింగిల్ మాల్ట్‌కు మూడు, బర్బన్‌కు నాలుగు. ఆ నాలుగింటినీ షెడ్డు అరలో మిగతా రంగు సీసాల మధ్య పెట్టి, మామ కళ్ల ముందే దాచానని తనను తానే మెచ్చుకున్నాడు.

"బజ్జీలు పట్టుకురా, బొరుగుల ఉగ్గాని నేను చేస్తా. కానీ ఒక్క మాట, ఆర్డరు పోతే ఆ సీసాలు నీ నెత్తి మీదే పగలగొడతా" అంది కృష్ణకుమారి. ఆమెకు అన్నీ తెలుసు. నాన్నకు మాత్రం చెప్పలేదు. ఇంట్లో ఒక ఉపన్యాసం తగ్గినా లాభమే అనుకునే మనిషి.

హరికృష్ణ బజారుకు పోయి, బజ్జీల నూనె కాగేదాకా నిలబడి, తిరిగొచ్చేసరికి గంటన్నర పట్టింది. పెరట్లో చెన్నప్ప పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. మామ ముఖానికి తుండుగుడ్డ అడ్డంగా కట్టుకుని ఉన్నాడు. గాలిలో కాలిన వెంట్రుకల వాసన.

"ఏమైంది మామా, గుడ్డ కట్టుకుండావు?"

"పొగప్పా. నువ్వు పో, నీ పని సూసుకో. ఈ పొద్దు రంగు తగులుతాది."

అరలో నాలుగు సీసాలూ పెట్టినట్టే ఉన్నాయి, నిండుగా ఉన్నాయి. హరికృష్ణ వాటిని సంచిలో వేసుకుని మగ్గాల మీది గదికి ఎక్కాడు.

పదకొండుకు అశోక్, గోవిందన్న వచ్చారు. అశోక్ నోటుబుక్కు తెచ్చాడు. వాసనకు మూడు మార్కులు, రుచికి నాలుగు, మింగినాక గొంతులో నిలిచేదానికి మూడు.

"బర్బన్ అంటే మొక్కజొన్నతో చేసేది" అని మొదలుపెట్టాడు.

"మొక్కజొన్నా? మేం నందవరంలో కోళ్లకు ఏస్తాం" అన్నాడు గోవిందన్న.

"కోళ్లు పీపాల్లో దాచిపెట్టవు గదన్నా! కొత్త ఓక్ చెక్కతో పీపా చేసి, లోపల కాల్చి, దాంట్లో పోసి పన్నెండేండ్లు పెడతారు. ఆ చెక్క రంగు, ఆ చెక్క వగరు దాంట్లోకి దిగుతాది. ఇంగ తాగు, నోరు కాస్త తెరిచి వాసన సూడు."

ఒక ముడి సీసా వాసన చూసి గోవిందన్న, బీడీ ఆర్పిన నీళ్లలా ఉందన్నాడు. అశోక్ అది స్కాచ్ అని సరిగ్గానే చెప్పి ఏడు మార్కులు వేశాడు. రెండు ముళ్లదాన్ని తాగి గోవిందన్న ముఖం చిట్లించాడు. "థూ, ఇదేందప్పా, ఇట్లాంటిది ఎవుడు తాగుతాడు?" పదేళ్లుగా ప్రతి శనివారం దాన్ని తాగుతున్నది గోవిందన్నే అని హరికృష్ణ చెప్పలేదు. మూడు ముళ్లదానికి ఏడున్నర పడింది. అన్నిటిలోనూ ఏదో నూలు వాసన తగులుతోందని అశోక్ అన్నాడు గానీ, మగ్గాల పైగదిలో కూర్చుని తాగితే అంతేలే అని సర్దుకున్నారు.

నాలుగు ముళ్ల సీసా వంతు వచ్చింది. అశోక్ గిన్నె ఎత్తి కిటికీ ఎండలో రంగు చూశాడు. వాసన పీల్చాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని కళ్లు మూసుకున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ల వెంట నీళ్లు కారాయి.

"ఇదే!" అన్నాడు, మాట సగమే వచ్చింది. "సూడు, నాలుక ఎట్ల పట్టేసిందో! అరవై ఆరు శాతమప్పా! గొంతులో ఎట్ల నిలబడిండాదో సూడు!"

గోవిందన్న కూడా తాగాడు. చాలాసేపు నోరు తెరవలేకపోయాడు. డ్రిల్లు మాస్టరుగా ముప్పై ఏళ్లు ఎండలో నిలబడ్డ మనిషి, చివరికి ఓటమి ఒప్పుకున్నాడు. "అశోకూ, నాదే తప్పు. ఇంతకాలం నేను తాగింది విస్కీనే గాదు."

హరికృష్ణ దారం చూపించి, నాలుగు ముళ్లదే బర్బన్ అని ప్రకటించాడు. అశోక్ గోవిందన్నను వాటేసుకున్నాడు. నోటుబుక్కులో పదికి తొమ్మిదిన్నర వేశాడు. పదికి పది ఎందుకు కాదంటే, ప్రపంచంలో ఇంకేదైనా ఉంటే దానికి చోటు ఉంచాలట. ఆ సంతోషంలో ముగ్గురూ ఇంకో రెండు విడతలు దాన్నే తాగారు. సీసా సగానికి దిగింది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. గిన్నెలు చాప కిందికి పోయాయి, సీసాలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. చెన్నప్ప లోపలికి వచ్చి, సీసాలనూ, బజ్జీలనూ, ముగ్గురి ముఖాలనూ ఒకసారి చూశాడు. చేతిలో తడి చిలప ఉంది.

"అల్లుడా, రంగు దొరికిండాది!"

హరికృష్ణ దాన్ని కిటికీ దగ్గర ఎత్తిపట్టాడు. తేనె! ఎండ దానిలోంచి కారుతున్నట్టే ఉంది. సంతోషంతో మామ చెయ్యి పట్టుకున్నాడు. "ఎట్ల చేసినావు మామా?"

"నాదేముందప్పా, అంతా నీ నాలుగు ముళ్ల సీసా పుణ్యం. ముళ్లేసి అరలో పెట్టినావు గదా, ముంచి సూడమనే గదా! నాలుగింట్లోనూ చిలప ముంచినా. మూడింట్లో రంగే లేదు, పిండి మల్ల సీసాలోకే పోసినా. నాలుగోదాంట్లో ముంచితే, ఏం రంగప్పా అది! ఆరబెడదామని పొయ్యి కాడికి పోయినానో లేదో, భగ్గుమనింది." చెన్నప్ప తుండుగుడ్డ తీశాడు. ఎడమవైపు మీసం ఉంది, కుడివైపు లేదు. "తొట్టి నీళ్లలో పడేస్తే రంగంతా పాయె. అయినా కన్ను పట్టుకున్న రంగు యాడికి పోతాది? కరక్కాయ, దానిమ్మ తొక్క ఉడకేసి అదే రంగు తెచ్చినా. నమూనా ఉండాలని ఆ సీసా నిండా దాన్నే పోసి పెట్టినా."

అశోక్ చేతిలోని పెన్ను జారి ఉగ్గానిలో పడింది.

"కరక్కాయా?" అన్నాడు, ఏడుపు గొంతుతో.

"కరక్కాయనే. రవ్వంత వగరు."

గోవిందన్న నోటుబుక్కు లాక్కుని చూశాడు. "తొమ్మిదిన్నర!" అని ఒక్క కేక పెట్టి, చాప మీద పడి దొర్లాడు. అశోక్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. మూడు స్వెట్టర్లలో చుట్టి సముద్రాలు దాటించిన సీసా అది. హరికృష్ణకు అతన్ని ఓదార్చాలని ఉంది, మామ ముందు ఏ మాటతో ఓదార్చాలో తెలియలేదు.

ఇంతలో కింద కారు హారను మోగింది. మూడింటికి రావాల్సిన దీప మేడం ఒంటిగంటకే దిగింది. నేరుగా పైకే వచ్చింది. చిలపను కిటికీ ఎండలో అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత ఒకే ఒక్క మాట అడిగింది. "రంగు ఇదే. కానీ రసాయనం కలపలేదని నాకేం నమ్మకం? పోయిన ఏడాది ఒకాయన ఇట్లాగే ఆకుల రంగని చెప్పి మోసం చేశాడు. రంగు నీళ్లు చూపించండి."

హరికృష్ణ నాలుగు ముళ్ల సీసా అందించాడు.

"సగమే ఉందేం?"

డ్రిల్లు మాస్టరు లేచి నిటారుగా నిలబడ్డాడు. "తాగినాం మేడం. ముగ్గురం తలా రెండు మూడు గిన్నెలు."

"రంగు నీళ్లా?"

"పరీక్ష మేడం. కడుపులో పోసుకోని సూస్తే గదా మంచిదో కాదో తెలిసేది."

దీప మేడం కళ్లు పెద్దవయ్యాయి. వెంటనే ఫోను తీసింది. "మళ్లీ తాగండి, వీడియో తీస్తాను. మా దుకాణంలో పెడతాను. తాగగలిగే రంగుతో నేసిన చీర!" ముగ్గురూ వరసగా నిలబడి, ఇంకో గిన్నె నింపుకుని, ముఖం చిట్లించకుండా తాగారు. అశోక్ కళ్ల నీళ్లు వీడియోలో భక్తిలా పడ్డాయి. అరవై చీరల ఆర్డరు తొంభై అయింది. ఆమె మొదటి ముప్పై ఉగాదికల్లా కావాలని చెప్పి, నాలుగు బజ్జీలు తిని వెళ్లిపోయింది.

కారు మలుపు తిరిగాక హరికృష్ణకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. రంగు నిలవాలంటే పటిక వేస్తారు. "మామా! ఆ నీళ్లలో పటిక ఏసినావా?"

"సీసాలో పోసినాకే పొయ్యి మీది నీళ్లలో ఏసినా. తాగేటోళ్లకు పటిక పడదు గదప్పా."

హరికృష్ణ సరే అని తలూపాడు. రెండు మెట్లు దిగాడు. ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"తాగేటోళ్లకా? అంటే... నీకు తెలుసా మామా?"

"నలభై ఏండ్లు కుండల మీద ముక్కు పెట్టి బతికినోన్ని. మీసం కాలినాక గూడా తెల్దా?"

"మల్ల సెప్పకుండా కరక్కాయ నీళ్లు ఎందుకు పోసినావు?"

"రంగుల షెడ్డులో, రంగుల సీసాలో, ముళ్లేసి పెట్టినావు. రంగుల సీసాలో రంగే ఉండాల" అన్నాడు చెన్నప్ప. తర్వాత గది మూలనున్న పటిక డబ్బా మూత తీసి, లోపలినుంచి ఒక చిన్న సీసా బయటికి తీశాడు. "చిలప తాగింది పోను మిగిలింది ఇది. పరాయోని సొత్తు పారబోయకూడదని దాచినా. నాకు సూపించకుండా తాగండి, పోండి." మీసం లేని వైపు పెదవి కొంచెం నవ్వింది.

అశోక్ ఆయన కాళ్ల మీద పడబోతే గోవిందన్న పట్టుకున్నాడు. కింద కృష్ణకుమారి అప్పటికే రెండు మగ్గాల మీది దుమ్ము దులుపుతోంది. ఆ చప్పుడు వింటూ హరికృష్ణకు కడుపు నిండినట్టయింది.

సాయంత్రం ఐదింటికి ముగ్గురూ అసలు బర్బన్ తలా ఒక గుక్క పోసుకున్నారు. గోవిందన్న తాగి, బాగుందనీ అన్నాడు, వేడిగా ఉందనీ అన్నాడు, ఇంకొంచెం పొయ్యమనీ అన్నాడు. అశోక్ కళ్లు మూసుకుని, నాలుక చప్పరించి, చాలాసేపు ఆలోచించాడు. ఎంత కాదనుకున్నా మనిషి నిజాయితీపరుడు.

"బాగుండాది. శానా బాగుండాది. కానీ ఆ పట్టు రాలేదు" అంటూ నోటుబుక్కులో ఎనిమిదిన్నర వేశాడు.

మర్నాడు పొద్దున ముగ్గురి ఇళ్లలోనూ మరుగుదొడ్డి తలుపు తీరిక లేకుండా కొట్టుకుంది, అట్లా కరక్కాయ ఆ మిగిలిన అర మార్కు కూడా సంపాదించుకుంది.